నల్ల అబాయాతో కుట్టిన మంత్రగత్తె గౌను

దెయ్యాల పండక్కి బట్టలు కుట్టాలని మదామ్ చెప్పినప్పుడే నాకు ఒళ్ళు మండింది. అప్పటికే ఆ ఇంట్లో నా పని తెల్లవారుజామున నమాజు పిలుపుతో మొదలై, రాత్రి ఆఖరి గిన్నె కడిగేదాకా సాగేది. రియాద్‌లో మూడంతస్తుల విల్లా అది. ఎన్ని గదులని ఎవరైనా అడిగితే తుడిచేదాన్ని కాబట్టి ఠక్కున చెప్పగలను గానీ, చెబుతుంటే నాకే నీరసం వస్తుంది. ఆ చాకిరీ మీద ఇప్పుడు ఈ కుట్టు పనొకటి.

నాకు కుట్టు వచ్చని ఆవిడకి తెలియడమే నా ఖర్మ. గోదావరి జిల్లాలో మా ఊళ్ళో ఉన్నప్పుడు జాకెట్లు కుట్టేదాన్ని. ఇక్కడికొచ్చాక సూది ముట్టుకోకూడదనే అనుకున్నాను. ఒకసారి పాప స్కూలు గౌను చంక కింద చిరిగితే చూస్తూ ఊరుకోలేక చేత్తో కుట్టాను. మదామ్ ఆ గౌనును కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి, తిప్పి తిప్పి చూసి, కుట్టు ఎక్కడుందో పట్టుకోలేకపోయింది. ఆ వారంలోనే మిషను కొనుక్కొచ్చింది. అప్పటి నుంచి కర్టెన్లు, దిండు గలీబులు, పాప బొమ్మలకి లంగాలు, అన్నీ నా నెత్తినే పడ్డాయి.

పాప అంటే మదామ్ కూతురు, ఆరేళ్ళ పిల్ల. చేతుల్లో పసిగుడ్డుగా ఉన్నప్పుడు నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాను. ఇంటి డ్రైవరు జగిత్యాల వైపు అబ్బాయి. అతను నన్ను అక్కా అని పిలవడం విని, పాప కూడా అక్కా అనేది. ఆ ఇంట్లో నన్ను నోరారా వరస పెట్టి పిలిచేది వాళ్ళిద్దరే.

నా గొడవంతా సెలవు గురించి. మా అమ్మాయికి తొలి కాన్పు. మా వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. తల్లి లేకపోతే అదేం పుట్టిల్లు? మా ఆయన ఆటో తోలి ఇల్లు చూసుకుంటాడు గానీ పురిటి పనులు ఆయనకేం తెలుస్తాయి? శ్రీమంతానికి ఎలాగూ ఫోన్లోనే అక్షింతలు వేశాను. కాన్పు కూడా ఫోన్లో చూడాలా? రెండు నెలలు పంపండి, మనవడో మనవరాలో కళ్ళ చూసి, పథ్యం పెట్టి, మళ్ళీ వచ్చేస్తానని ఎండాకాలం నుంచి అడుగుతూనే ఉన్నాను. మళ్ళీ రాకపోతే నాకు గడవదు, అది వాళ్ళకీ తెలుసు.

ఇక్కడ మన ఇష్టానికి విమానం ఎక్కడానికి లేదు. కఫీలు, అంటే మనల్ని పనికి రప్పించుకున్న యజమాని, తన ఫోన్లో ఎగ్జిట్ రీ-ఎంట్రీ కొట్టాలి. వెళ్ళి తిరిగి రావడానికి అనుమతి అన్నమాట. మా కఫీలు సారు, మదామ్ భర్త. ఆయన వేలు ఒక్కసారి ఆ ఫోను మీద ఆనితే చాలు. ఆ ఒక్క వేలు కోసం నేను ఆరు నెలలుగా దేబిరిస్తున్నాను. అడిగినప్పుడల్లా మదామ్ బుక్రా అనేది, అంటే రేపు. లేదంటే ఇన్షా అల్లా అనేది. ఆరేళ్ళలో నాకు అర్థమైందేమిటంటే, ఆ మాట సారు అంటే జరుగుతుందని, మదామ్ అంటే జరగదని.

అమ్మాయి మాత్రం రోజూ ఫోను చేసి ప్రాణం తీసేది.

"డాక్టరమ్మ వచ్చే నెలాఖరు అంటందే అమ్మా. నువ్వు టిక్కెట్టు తీసుకున్నావా లేదా?"

"తీసుకుంటానే తల్లీ. ఇక్కడేదో దెయ్యాల పండగొచ్చి పడింది. అదయ్యాక పంపుతానంది."

"దెయ్యాలకి పండగేవిటే?"

"నాకేం తెల్సు? బట్టలు మాత్రం నేనే కుడతన్నా."

ఆ పండగ పేరు హాలోవీన్ అని మదామ్ చెప్పింది. సారు చదువు కోసం వాళ్ళు ఏదో చలిదేశంలో కొన్నేళ్ళు ఉన్నారట, అక్కడ చూసిందట. పిల్లలు దెయ్యాల్లా వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగితే చాక్లెట్లు పెడతారట. మా చిన్నప్పుడు దసరాకి పంతులుగారు పిల్లల్ని వెంటేసుకుని వస్తే పప్పుబెల్లాలు పెట్టేవాళ్ళం, ఇది అలాంటిదే కాబోలు, దీనికి దెయ్యాలెందుకు అనుకున్నాను. ఇదివరకు ఈ ఊళ్ళో ఇలాంటివి లేవు. ఇప్పుడు షాపుల్లోనే పుర్రెలు, ఎముకలు వేలాడుతున్నాయి. మా వరసలో ఉన్న విల్లాల ఆడవాళ్ళంతా కలిసి ఈసారి చేద్దామనుకున్నారు. షాపులో కొన్నవి అందరూ వేస్తారు కాబట్టి, తన కూతురివి మాత్రం ఇంట్లో కుట్టినవి ఉండాలని మదామ్ పంతం.

ఇంకో మాట కూడా చెప్పింది, గొంతు తగ్గించి. పెద్దావిడకి తెలియకూడదు అని. పెద్దావిడంటే సారు తల్లి. బురైదాలో ఖర్జూరం తోటల దగ్గర ఉంటుంది. నెలకోసారి వస్తుంది. ఆవిడ దృష్టిలో ఇదంతా పాపం. మదామ్‌కి ప్రపంచంలో భయమంటూ ఉంటే అది అత్తగారంటేనే. నాకేం, మనకి ఎవరితో పని అని తలూపాను. పండగ గురువారం సాయంత్రం, శనివారం సారుతో చెప్పి నీ ఎగ్జిట్ కొట్టిస్తాను, ఇది మాట, అని మదామ్ అన్నాక ఇంక నేనేం మాట్లాడతాను?

మంత్రగత్తె గౌనుకి గుడ్డ కొననవసరం లేదని మదామ్ తన బీరువా తీసి ఒక నల్ల అబాయా, అంటే బయటికెళ్ళేటప్పుడు ఒంటి నిండా వేసుకునే అంగీ, నా చేతిలో పడేసింది. మంచి గుడ్డ. చేతుల అంచున నల్ల దారంతోనే సన్నటి ద్రాక్షతీగ కుట్టు ఉంది. కొత్తదిలా ఉంది, కత్తెర పెట్టనా అని రెండుసార్లు అడిగాను. వేసుకోనిది ఎందుకు, కత్తిరించు అంది. కత్తిరించాను.

ఇంక ఆ పిల్ల కొలతలకి నిలబడితే ఒట్టు. టేపు పెడితే గిలిగింత అంటుంది. గుండుసూదులు పెడితే మెలికలు తిరుగుతుంది.

"అక్కా, నేను మంచి మంత్రగత్తెనా, చెడ్డ మంత్రగత్తెనా?" అని అడిగింది అరబ్బీలో.

"మాట వినని మంత్రగత్తెవి. కదలకు," అన్నాను తెలుగులో. దానికి అర్థమైంది. నవ్వింది, మళ్ళీ కదిలింది.

గౌను పూర్తయ్యాక నాకే ముచ్చటేసింది. భుజం దగ్గర సన్నటి కుచ్చులు పెట్టి, అంచు లోపలికి మడిచి, ద్రాక్షతీగ చెదరకుండా చేతుల కిందికి వచ్చేలా కుదిర్చాను. మదామ్ చూసి పెదవి విరిచింది. ఇంత శుభ్రంగా ఉంటే భయం ఎలా వేస్తుంది, అంచులన్నీ చింపేయ్ అంది. కష్టపడి కుట్టిన చేత్తోనే నా కుట్టు నేనే పీకి, అంచు పేలికలు చేశాను. ఆ పని చేయించినందుకు ఆవిడ మీద ఇప్పటికీ నాకు కోపమే. నీళ్ళసీసాల అట్టపెట్టె కోసి మొనదేలిన టోపీ చేశాను. నల్లకాగితంతో పిల్లులు, గబ్బిలాలు కత్తిరించాను. ఖర్జూరపు మట్టలతో చీపురు కట్టాను. ఇవన్నీ నా మామూలు పని అయ్యాక, గిన్నెలు కడిగిన చేతులతోనే చేశాను.

అది చాలలేదు. గేటు దగ్గర చాక్లెట్లు పంచడానికి ఒక దెయ్యం కావాలట. ఆ దెయ్యం నేనట. తెల్లదుప్పటికి కళ్ళ దగ్గర రెండు కన్నాలు పెట్టి నెత్తి మీంచి కప్పుకోమంది.

అప్పుడు మాత్రం నేను ఎదురు తిరిగాను. మొగుడు బతికున్న ఆడదాన్ని, నిండు నెలల కూతురు ఇంట్లో ఉంది, నేను శవంలా తెల్లగుడ్డ కప్పుకుని గుమ్మంలో నిలబడాలా? మా వాళ్ళెవరైనా చూస్తే నన్ను గుమ్మం తొక్కనిస్తారా? ఇదంతా నాకొచ్చిన అరబ్బీలో చెప్పబోతే, కూతురు, కడుపు, తెలుపు, వద్దు అని నాలుగు ముక్కలే వచ్చాయి. మదామ్ నవ్వి, ఆట కదా, శనివారం నీ ఎగ్జిట్ గుర్తుందా అంది. ఆ మాట అన్నాక దుప్పటి కప్పుకోక ఏం చేస్తాను?

గురువారం సాయంత్రం చీకటిపడగానే పిల్లలు వచ్చారు. అస్థిపంజరాలు, రక్తం కారే మూతులు, తోకలు, కొమ్ములు. వాళ్ళ వెనక సంచులు మోసుకుంటూ వాళ్ళ ఇళ్ళ పనివాళ్ళు. ట్రిక్ ఆర్ ట్రీట్ అని పిల్లలంతా ఇంగ్లీషులో అరిచేవాళ్ళు, నేను దుప్పటిలోంచి చెయ్యి బయటపెట్టి చాక్లెట్లు వేసేదాన్ని. లోపల ఉక్క, కన్నాలు పక్కకి జారిపోయి ఏమీ కనబడదు. ఒక బుడ్డోడు నన్ను చూసి నిజంగానే దడుచుకుని ఏడుపు లంకించుకున్నాడు. పాపం అనిపించి దుప్పటి ఎత్తి, ఏం లేదు నాన్నా, నేనే, అన్నాను. వాడు ఊరుకున్నాడు. ఫోటోలు తీస్తుంటే దుప్పటి ఎందుకెత్తావని మదామ్ నా మీద విరుచుకుపడింది.

కారు తుడుస్తున్న డ్రైవరు నన్ను చూసి పడీపడీ నవ్వాడు.

"గిదేం గతి అక్కా నీకు? ఊర్ల మా బావ జూస్తే ఏమనుకుంటడు?"

"నవ్వు నవ్వు. రేపు నీకూ తోక కుట్టమంటాది, కుట్టేస్తాను చూడు," అన్నాను.

పాప మాత్రం వెలిగిపోయింది, అది ఒప్పుకోవాలి. నల్లగౌను, టోపీ, బుగ్గ మీద కాటుక చుక్క. వచ్చిన ప్రతి ఆవిడా దాన్ని నిలబెట్టి ఫోటో తీయడమే. ఎంత బావుంది, ఎంత బావుంది అనడమే. అన్ని ఫోన్లు, అన్ని కళ్ళు ఒక్క పిల్ల మీద. నాకు లోపల బెరుగ్గానే ఉంది. మా ఇంట్లో అయితే ఆ క్షణమే లోపలికి తీసుకుపోయి దిష్టి తీసేద్దును.

అనుకున్నట్టే, శుక్రవారం పొద్దున్న పాప ఒళ్ళు కాలిపోతోంది. చల్లటి ఐస్‌క్రీములు తిని, చెమటతో ఏసీ కింద దొర్లితే జ్వరం రాక ఏమవుతుందని మీరనవచ్చు. నేనూ అనుకున్నాను. మదామ్ మందు పోసి పడుకోబెట్టింది. ఇంతలో ఫోను. పెద్దావిడ బురైదా నుంచి అప్పటికే బయలుదేరిందట, జుమ్మా నమాజు తరవాత ఇక్కడే భోజనమట. మదామ్ మొహం పాలిపోయింది. గోడల మీది గబ్బిలాలు, పిల్లులు, పుర్రెలు చకచకా పీకేసింది. గౌను, టోపీ, చీపురు అన్నీ పెద్ద సంచీలో కుక్కి నా చేతికిచ్చి, నీ గదిలో పెట్టు, అక్కడికి ఎవరూ రారు అంది. పెట్టాను. చెప్పిన పని చెయ్యడమే కదా నా ఉద్యోగం.

పెద్దావిడ వస్తుందంటే ఇల్లంతా ఊదు ధూపం వేయాలి. ధూపం గిన్నెలో బొగ్గులు రాజేసి ఉంచాను. మదామ్ స్నానానికి వెళ్ళింది. పాప నిద్రలో మూలుగుతోంది. దాని జ్వరం తగ్గకపోతే మదామ్ శనివారం నన్ను కదలనివ్వదు, ఆ భయం ఉంది. ఆరేళ్ళు ఎత్తుకు పెంచిన పిల్ల, ఆ బాధా ఉంది. ఈ రెండింటినీ విడదీసి చెప్పమంటే నా వల్ల కాదు. ఎదురుగా నిప్పులు కనిపిస్తున్నాయి. వంటింట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ ఉన్నాయి. ఇంక ఆలోచించలేదు. గుప్పిట్లో పట్టుకుని పాప చుట్టూ మూడుసార్లు తిప్పి, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అని మా అమ్మ అన్నట్టే అని, తీసుకెళ్ళి ఆ ధూపం గిన్నెలో పోశాను.

ఈ దేశం వచ్చేముందు ఏజెంటు మాకందరికీ చెప్పాడు. దేవుడి పటాలు వద్దు, మెడలో తాయెత్తులు వద్దు, నిమ్మకాయలతో చేసేవేవీ వద్దు, అక్కడ చేతబడి అంటే ప్రాణాల మీదికి వస్తుందని. అది నాకు బాగా గుర్తుంది. కానీ దిష్టి తీయడం చేతబడి ఎలా అవుతుంది? అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నట్టు చేసే పని అది. చెయ్యకూడనిదేదో చేస్తున్నానని నా బుర్రకి తట్టనే లేదు.

దిష్టి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదంటారు మా వాళ్ళు. ఇక్కడ ఘాటు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. అంటే పిల్లకి దిష్టీ లేదు గిష్టీ లేదు, ఉత్త జలుబే. ఆ ఘాటు ఏసీలోకి దూరి మూడంతస్తులూ తిరిగింది. మదామ్ తడిజుట్టుతో దగ్గుకుంటూ పరుగెత్తుకొచ్చింది. సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుని పెద్దావిడ దగ్గుకుంటూ లోపలికొచ్చింది.

పెద్దావిడ చెడ్డది కాదు. అది చెప్పకపోతే అన్యాయం. వచ్చినప్పుడల్లా తోటలోని ఖర్జూరాలు నాకంటూ వేరే పొట్లం కట్టి తెచ్చేది. ఆ రోజు కూడా తెచ్చింది, చేతిలో పొట్లం ఉంది. ధూపం గిన్నెలో నల్లబడిన మిరపకాయలు చూసి ఆ పొట్లం బల్ల మీద పెట్టింది.

ఏమిటిది అని అడిగింది. ఐన్ అన్నాను, వాళ్ళ మాటలో దిష్టి. పాప కోసం, జ్వరం, అన్నాను. ఏం చదివావు అని అడిగింది. చదవడమేమిటో నాకు మొదట అర్థం కాలేదు. పిల్ల మీద చెయ్యి తిప్పుతూ ఏ మాటలన్నావు అని మళ్ళీ అడిగింది. ఇరుగు దిష్టి పొరుగు దిష్టిని అరబ్బీలో ఎలా చెప్పను? తెలుగులోనే చెప్పాను. తెలియని భాషలో ఆ మాటలు వినగానే ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, పెదాలు కదుపుతూ దైవవాక్యం చదువుకోవడం మొదలుపెట్టింది. ఆ తరవాత, నీ గది చూపించు అంది.

నా గదిలో ఏముందో మీకు తెలుసు. నల్లగౌను, మంత్రగత్తె టోపీ, చీపురు, నల్లకాగితపు పిల్లులు, ప్లాస్టిక్ పుర్రె. ఒక్కొక్కటీ తీసి నా మంచం మీద పరిచింది. గౌను చెయ్యి దగ్గర ద్రాక్షతీగ చూసి ఆగిపోయింది.

"ఇది నేను రంజాన్ పండక్కి నీకిచ్చిన అబాయా కదూ," అని కోడల్ని అడిగింది.

మదామ్ అవునంది.

"దీన్ని ఇలా ఎవరు చేశారు?"

నేను మదామ్ వంకే చూస్తున్నాను. చెబుతుంది, ఇది ఆట, మేమంతా కలిసి చేశాం అని చెబుతుంది అనుకున్నాను. తడిజుట్టులోంచి నీళ్ళు భుజం మీద కారుతున్నాయి. నా వైపు చూడకుండా, తనే కుట్టింది అంది.

అది అబద్ధం కాదు. నేనే కుట్టాను. ఒక్క అబద్ధమూ ఆడకుండా మనిషిని నిలువునా ఎలా ముంచొచ్చో ఆ రోజు చూశాను. అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచాను. కానీ ఆరేళ్ళు నేర్చిన నా అరబ్బీ అంతా వంటింటి అరబ్బీ. బియ్యం, నూనె, ఇస్త్రీ, త్వరగా, సరే. నా తరఫున నేను చెప్పుకోవడానికి అందులో ఒక్క మాటా లేదు. మదామ్, పార్టీ, హాలోవీన్, పిల్లలు అన్నాను. పెద్దావిడకి హాలోవీన్ అంటే ఏమిటో తెలియదు. కోడలి వైపు చూసింది. కోడలు భుజాలెగరేసింది.

తరవాత పెద్దావిడ ఒక పళ్ళెం తెప్పించి నా మొహం, చేతులు, మోచేతులు అందులో కడుక్కోమంది. ఎందుకో డ్రైవరు తరవాత చెప్పాడు. ఎవరి కన్ను తగిలిందో వాళ్ళు కడుక్కున్న నీళ్ళు పిల్ల మీద పోస్తే దిగుతుందని వాళ్ళ నమ్మకమట. ఆ నీళ్ళు పాప నెత్తిన పోశారు. దిష్టి తీసినదాన్ని పట్టుకుని దిష్టి పెట్టినదాన్ని చేశారు. పొద్దున్న పోసిన మందు పనిచేసి మధ్యాహ్నానికి పాప లేచి కూర్చుని జావ అడిగింది. అంతే, పెద్దావిడకి ఇంక ఏ సందేహమూ మిగల్లేదు.

పోలీసులు వస్తారని నేను గదిలో తలుపు వంకే చూస్తూ కూర్చున్నాను. జైల్లో పడితే నా కూతురి కాన్పు ఎవరు చేస్తారు అన్నదొక్కటే నా బాధ. సారు వచ్చాడు. హాలు తలుపేసుకుని ముగ్గురూ చాలాసేపు మాట్లాడుకున్నారు. అరుపులేమీ వినబడలేదు. ఆయన నెమ్మదైన మనిషి. బయటికొచ్చి నా గది గుమ్మంలో నిలబడి, ఇజాజా, అంటే సెలవు, సోమవారం నీ ప్రయాణం అన్నాడు. ఖలాస్, అయిపోయింది, భయపడకు అన్నాడు.

ఇంత జరిగాక సెలవే వచ్చింది చూడు అని ఏడ్చాను. అమ్మాయికి ఫోను చేశాను. "వచ్చేస్తన్నానే, సోమారం బయల్దేరతన్నా," అంటే అది అవతల ఏడుపూ నవ్వూ కలిపి, "మళ్ళీ ఎప్పుడెళ్ళాలంట?" అంది. "రెండు నెలలకి. ముందు రానీవే, వెళ్ళే సంగతి తరవాత," అన్నాను.

సోమవారం పొద్దున్న మదామ్ నన్ను గుమ్మంలో కౌగిలించుకుంది. ఆరేళ్ళలో ఎప్పుడూ చేయలేదు. త్వరగా రా, నువ్వు లేకపోతే పాప అన్నం తినదు అంది. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. నా కోపం ఆ నీళ్ళకి సగం కరిగిపోయింది. పోనీలే, అత్తగారికి భయపడి నోరు మెదపలేదు, మంచిదే అనుకున్నాను. నేనంత పిచ్చిదాన్ని.

పాప నా చున్నీ పట్టుకుని వదలదు. ఎప్పుడొస్తావు అని అడిగింది. రెండు నెలలు అని రెండు వేళ్ళు చూపించాను. ఒట్టు వెయ్యి అంది. దాని చిన్న అరచేతిలో నా చెయ్యి వేసి, ఒట్టు, వచ్చేస్తానమ్మా అన్నాను. వదిలింది.

కారు రింగురోడ్డు ఎక్కాక డ్రైవరు మాటల్లో అన్నాడు.

"నిన్ను దించినంక నేను గాడనే ఉండాల్నట అక్కా. కొత్తామె విమానం పన్నెండింటికట. తీస్కరమ్మన్నడు సారు."

"కొత్తామేవిటి?"

"నీ జాగల అచ్చే ఆమె. గిక్కడనే ఇంకో ఊర్ల పని జేస్తుండెనట." అద్దంలో నా మొహం చూశాడు. కారు వేగం తగ్గించాడు. "నీకెవ్వలు జెప్పలేదా? గది రీ-ఎంట్రీ గాదక్కా. ఖురూజ్ నిహాయీ గొట్టిండ్రు. మల్ల రానియ్యకుండ. నీకెర్కనే అనుకున్న నేను."

తిప్పమంటవా అక్కా అని అతనే అడిగాడు. తిప్పి ఏం చేయను? ఎవరితో, ఏ అరబ్బీలో పోట్లాడను? విమానం పోతే కాన్పుకీ అందను. పోనియ్యమన్నాను. మదామ్‌కి ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఎయిర్‌పోర్టు దగ్గర డ్రైవరు ఫోను తీసుకుని చేశాను. మొదటి మోతకే ఎత్తి, దిగిందా, వెళ్ళిపోయిందా అని అడిగింది.

"నేనే మదామ్," అన్నాను. నాకు తెలుసు, నిహాయీ, అన్నాను. పాపకి చెప్పండి, నేను రానని మీరే చెప్పండి, ఇప్పుడే చెప్పండి అన్నాను. ఈ నాలుగు మాటలూ అరబ్బీలో తప్పులు లేకుండా వచ్చాయి.

ఆవిడ, వద్దు, ఏడుస్తుంది అంది. రెండు నెలలనే అనుకోనీ, మెల్లగా మర్చిపోతుంది, పిల్లలు అంతే, నువ్వు బాధపడకు అంది. ఫోను పెట్టేసింది.

కాన్పుకి నేను అందాను. ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. వచ్చినవాళ్ళంతా సమయానికి వచ్చావు, అదృష్టవంతురాలివి అంటున్నారు. తలూపుతున్నాను. రెండు నెలలు నిండి చాలా రోజులైంది. మదామ్ నంబరు ఇప్పుడు మోగదు. నన్ను పంపించింది వాళ్ళు, నిజం దాచిపెట్టింది వాళ్ళు. చేతిలో చెయ్యి వేసి వస్తానన్నది మాత్రం నేను. ఆ పిల్ల దృష్టిలో అబద్ధమాడింది నేనొక్కదాన్నే.